టిక్కు పచ్చగానే ఉంది, డిస్కు మాత్రం నిండిపోయింది

శనివారం పొద్దున్న ఏడున్నరకి ఎంవీపీ కాలనీ రైతుబజార్లో ఆనపకాయని గోరుతో గిచ్చి లేతో ముదురో చూస్తున్నాను, ఫోన్ మోగింది. మా ఆఫీసులో నాతో సర్వర్లు చూసుకునే కుర్రాడు. "అన్నయ్యా, మెయిల్ ఆగిపోయింది. డేటాబేసులన్నీ డిస్మౌంట్ అయిపోయాయి, మౌంట్ కొడితే ఎర్రర్ వస్తోంది." అవతల పెట్టేశాడో లేదో ఎండీగారి ఫోన్. "ఏటయ్యా, రాత్రి బెర్తయిన షిప్పు కాయితాలు పంపించాం అంటన్నారు సింగపూర్ వాళ్ళు, మనకేటీ రాలేదు?" ఆనపకాయ అక్కడే వదిలేసి బండి తీశాను.

దారిలో నా బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది: రాత్రి బ్యాకప్ సక్సెస్ అని చూశాను కదా. ఆ రోజనే కాదు, వరసగా పదకొండు రోజులు పచ్చటి టిక్కు కనిపించింది. బ్యాకప్ అయితే లాగ్స్ (మెయిల్ సర్వర్ రాసుకునే చిట్టా ఫైళ్ళు) పోవాలి, లాగ్స్ పోతే డిస్కు నిండకూడదు. మరి నిండింది.

అప్పట్నించి మా మెయిల్ క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) బ్యాకప్ పాలసీ మొత్తం తిరగరాశాం. ఎలా రాశామో, మధ్యలో ఎక్కడెక్కడ కాలు జారామో ఇక్కడ పెడుతున్నాను. ఇలాంటి సెటప్ చూసుకునేవాళ్ళు వైజాగ్‌లోనే చాలామంది ఉన్నారని తెలుసు, క్లౌడుకి వెళ్ళిపోయినవాళ్ళు చదివి నవ్వుకోండి.

ముందు మా సరంజామా. మాది షిప్పింగ్ ఏజెన్సీ ఆఫీసు, పేరెందుకు లెండి. అప్పట్లో ఎక్స్ఛేంజ్ 2016, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్. మూడు సర్వర్లు: రెండు ఇక్కడ ఆఫీసులో, మూడోది హైదరాబాద్ డేటా సెంటర్లో. మూడూ కలిపి ఒక డీఏజీ, అంటే డేటాబేస్ అవైలబిలిటీ గ్రూప్. మేం మాత్రం డాగ్ అనే అంటాం. "డాగ్ పడుకుంది" అని మావాడు ఫోన్లో అరిస్తే పక్కన కూర్చున్న అకౌంట్స్ మేడమ్ మొదట్లో నిజంగానే కుక్కేమో అనుకునేవారు. నాలుగు డేటాబేసులు, 400 పైచిలుకు మెయిల్‌బాక్సులు. ప్రతి డేటాబేసుకీ మూడు కాపీలు, ఒకటి యాక్టివ్, రెండు పాసివ్. యాక్టివ్ సర్వర్ పోతే పాసివ్ లేచి పని అందుకుంటుంది. ఎక్స్ఛేంజ్ 2010లో వచ్చిన ఏర్పాటు ఇది, ఒక గ్రూపులో 16 సర్వర్ల దాకా పెట్టుకోవచ్చు.

మూడు కాపీలుంటే ఇంకా బ్యాకప్ దేనికి అని మా ఫైనాన్స్ ఆయన ప్రతి ఏడాదీ బడ్జెట్ మీటింగులో అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నేను చెప్పే జవాబు కూడా ఏటా ఒకటే: "సార్, మీరు ఒక మెయిల్ తుడిచేశారనుకోండి, కాసేపట్లో మూడు చోట్లా తుడుచుకుపోతుంది. చెయ్యి విరిగితే ఇంకో చెయ్యి ఉంటుంది గానీ, చేసిన తప్పు వెనక్కి రాదు."

ఇప్పుడు లాగ్స్ సంగతి. ఇది అర్థమైతే మిగతాది తేలిక, ఇది అర్థం కాకుండా ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా నా శనివారం లాంటి శనివారం మీకూ వస్తుంది. పాతకాలం కిరాణా కొట్టు గుర్తు తెచ్చుకోండి. జరిగిన బేరం జరిగినట్టు ముందు చిట్టాలో రాస్తారు, తర్వాత తీరిగ్గా ఆవర్జాలోకి, అంటే లెడ్జర్లోకి, ఎక్కిస్తారు. ఎక్స్ఛేంజ్ కూడా అంతే. వచ్చిన ప్రతి మెయిలూ, తుడిచిన ప్రతి మెయిలూ, చదివినట్టు పెట్టిన ప్రతి గుర్తూ ముందు లాగ్ ఫైల్లో పడుతుంది, అది చిట్టా; తర్వాత డేటాబేసులోకి ఎక్కుతుంది, అది ఆవర్జా. చిట్టాలో ఒక్కో పేజీ సరిగ్గా 1 ఎంబీ. ఎక్స్ఛేంజ్ 2003 దాకా 5 ఎంబీ ఉండేది, ఎక్స్ఛేంజ్ 2007లో తగ్గించారు, ఎందుకంటే ఈ పేజీలనే ఒక సర్వర్ నించి ఇంకో సర్వర్‌కి పంపించుకోవాలి, పేజీ చిన్నదైతే తొందరగా చేరుతుంది, ప్రమాదం జరిగితే పోయేదీ తక్కువ. డీఏజీలో జరిగేది ఇదే: యాక్టివ్ దగ్గర చిట్టా రాసే గుమస్తా ఒకడు, పేజీ నిండగానే నకలు తీసి మిగతా ఇద్దరికీ పంపుతాడు, వాళ్ళు తమ తమ ఆవర్జాల్లో ఎక్కించుకుంటారు.

మరి చిట్టా పేజీలు చించి పారేసేదెప్పుడు? ఒక్క సర్వరే ఉంటే సింపుల్, ఫుల్ (మొత్తం) గానీ ఇంక్రిమెంటల్ (కొత్తగా చేరింది మాత్రమే) గానీ బ్యాకప్ అయ్యి, ఆ పేజీలో రాసింది ఆవర్జాలోకి ఎక్కేస్తే పేజీ పోతుంది. డీఏజీలో ఇంకో షరతు తోడవుతుంది, మిగతా కాపీలన్నీ కూడా ఆ పేజీని ఎక్కించుకుని ఉండాలి (కావాలని వెనకబెట్టిన కాపీ అయితే అందుకుని ఉంటే చాలు, దాని సంగతి తర్వాత). అన్నీ అంటే అన్నీ. ఒక్క గుమస్తా సెలవులో ఉన్నా మిగతా ఇద్దరి బల్లల మీద కూడా పేజీలు పేరుకుపోతూనే ఉంటాయి, వాడొచ్చేదాకా ఎవరూ ఒక్క కాగితం చించరు.

ఆ శనివారం జరిగింది ఇదే. పదకొండు రోజుల కిందట మంగళవారం రాత్రి హైదరాబాద్ సర్వర్‌కి ప్యాచ్‌లు వేశాం. వేసేముందు దాని కాపీలు సస్పెండ్ చేశాం, అంటే లాగ్స్ తీసుకోవడం ఆపాం. వేశాక రెజ్యూమ్ చెయ్యాలి. చెయ్యలేదు. ఎవరు మర్చిపోయారు అంటే, కుర్రాడి మీద తోసెయ్యడం ఈజీ గానీ, చెక్‌లిస్టులో ఆ లైను లేకపోవడం నా తప్పు. రోజుకి 17 వేల పైచిలుకు లాగ్స్ మాకు, అంటే 17 జీబీ. పదకొండు రోజులకి 1,90,000 దాటాయి. నాలుగు డేటాబేసుల లాగ్స్‌కీ కలిపి ఒకే 200 జీబీ డిస్కు (ఇది ఇంకో తప్పు, ఒప్పుకుంటున్నాను). ఇక్కడి రెండు సర్వర్లలోనూ ఒకే సైజు, ఒకే వేగంతో నిండాయి. అందుకే యాక్టివ్ పడిపోతే పాసివ్ లేవలేదు, దాని డిస్కులో కూడా జాగా లేదు.

అలర్ట్ రాలేదా అంటే వచ్చింది. డిస్కు 90 శాతం దాటిందని ముందు రోజు నించీ మెయిల్స్ వచ్చాయి. ఎవరూ చూడని ఒక మెయిల్‌బాక్సుకి. అదీ ఇదే సర్వర్ మీద. సర్వర్ చచ్చిపోయిందని అదే సర్వర్ చేత మెయిల్ పంపించే ఏర్పాటు చేసుకున్న తెలివి మాది. ఇప్పుడు ఎస్సెమ్మెస్ వస్తుంది.

ఆఫీసుకెళ్ళేసరికి మావాడు లాగ్స్ ఫోల్డర్ తెరిచి, తేదీల ప్రకారం వరసపెట్టి, వారం కంటే పాతవన్నీ సెలెక్ట్ చేసి పెట్టుకుని నాకోసం చూస్తున్నాడు. వేలు షిఫ్ట్ మీద ఉంది, డిలీట్ ఒక్కటే మిగిలింది. "ఆగరా బాబూ" అని గుమ్మం దగ్గర్నించే అరిచాను. "బ్యాకప్ అయిపోయినవే కదా అన్నయ్యా" అన్నాడు. నిజమే, అయిపోయినవే. కానీ హైదరాబాద్ కాపీకి అవి చేరలేదు, చేరకుండా తుడిచేస్తే ఆ కాపీ మొత్తం మొదట్నించీ సీడింగ్ చేసుకోవాలి, అంటే డేటాబేస్ అంతా కొత్తగా పంపించుకోవాలి. అది పోనీ అనుకున్నా, తేదీ చూసి చేత్తో తుడిచేటప్పుడు ఆవర్జాలోకి ఇంకా ఎక్కని పేజీ ఒక్కటి పోయిందంటే డేటాబేస్ మౌంట్ కాదు, ఇక బ్యాకప్ నించి రీస్టోరే గతి. జాగా లేనప్పుడు లాగ్స్ మీద చెయ్యి వేసే హక్కు మనకి లేదు, జాగా పెంచుకునే హక్కే ఉంది. మావి వర్చువల్ మెషీన్లు కాబట్టి లాగ్ డిస్కుకి 100 జీబీ కలిపాం, పది నిమిషాల పని, డేటాబేసులు మౌంట్ అయ్యాయి. ఎండీగారికి సింగపూర్ మెయిల్ తొమ్మిదింపావుకి వచ్చింది.

ఫిజికల్ సర్వర్ అయ్యుంటే, డిస్కు పెంచే దారి లేకపోతే, ఆ సస్పెండ్ అయిన కాపీనే గ్రూపులోంచి తీసేస్తాను. లెక్కలోంచి గుమస్తా పేరు కొట్టేస్తే మిగతావాళ్ళు పేజీలు చించుకోవచ్చు. తర్వాత ఆ కాపీని మళ్ళీ కలిపి సీడింగ్ చెయ్యాలి, ఒకట్రెండు రోజులు హైదరాబాద్‌లో కాపీ లేకుండా ఉండాలి. మాకు ఆ అవసరం రాలేదు, రెజ్యూమ్ చేశాం. 50 ఎంబీపీఎస్ లైన్ మీద 190 జీబీ అంటే లెక్కకి ఎనిమిదిన్నర గంటలు, వేరే సబ్‌నెట్‌కి (వేరే చోటి నెట్‌వర్క్‌కి) వెళ్ళేటప్పుడు డీఏజీ తనే కంప్రెస్ చేస్తుంది కాబట్టి ఆరున్నర గంటల్లో క్యూ దిగింది. ఆ రాత్రి బ్యాకప్ అయ్యాక లాగ్ డిస్కు చూస్తే 12 జీబీ.

ఇక్కడ గమనించాల్సింది: బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు. దాని పని డేటా కాపీ తియ్యడం, తీసింది, టిక్కు పెట్టింది. లాగ్స్ కోత దాని చేతిలో లేదు, ఎక్స్ఛేంజ్ రెప్లికేషన్ సర్వీసు చేతిలో ఉంది. మనమే ఆ రెండూ ఒకటే అనుకుని టిక్కు చూసి ఇంటికెళ్ళిపోతున్నాం. ఇప్పుడు మా మార్నింగ్ చెక్‌లో మూడు అంకెలు: ప్రతి డేటాబేసుకీ చివరి ఫుల్ బ్యాకప్ ఎప్పుడయింది (ఇది బ్యాకప్ సాఫ్ట్‌వేర్ని కాదు, ఎక్స్ఛేంజ్‌నే అడగాలి, డేటాబేస్ తన హెడర్లో, అంటే ఫైల్ మొదట్లో ఉండే వివరాల్లో, రాసుకుంటుంది), ప్రతి కాపీకీ కాపీ క్యూ (ఇంకా చేరని లాగ్స్), రీప్లే క్యూ (చేరినా ఇంకా ఎక్కనివి) ఎంత, లాగ్ డిస్కులో ఫైళ్ళెన్ని. మూడోది నిన్నటి కంటే ఎక్కువుంటే టీ కూడా తాగకుండా కారణం వెతకమన్నాను.

సరే, పాసివ్ నించి తియ్యాలా, యాక్టివ్ నించి తియ్యాలా? అందరూ చెప్పేది పాసివ్ నించి అని, నేనూ అదే అంటాను, యూజర్లు వాడుతున్న డిస్కు మీద బరువు పడదు. పాసివ్ మీద బ్యాకప్ తీసినా ఎక్స్ఛేంజ్ ఆ సంగతి యాక్టివ్‌కి చెప్పి హెడర్ మార్పిస్తుంది, లాగ్స్ అన్ని చోట్లా పోతాయి. కానీ పాలసీ పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్న దగ్గర జాగ్రత్త. మాది మూడు ఇస్తుంది: పాసివ్ మాత్రమే, పాసివ్ లేకపోతే యాక్టివ్, యాక్టివ్ మాత్రమే. మొదట్లో నేను శుద్ధంగా ఉంటుందని "పాసివ్ మాత్రమే" పెట్టాను. తర్వాత ఒకసారి రెండో సర్వర్లో స్టోరేజ్ కంట్రోలర్ పోయి అది మూడు రోజులు పడుకుంది. హైదరాబాద్ కాపీని బ్యాకప్ లిస్టులో పెట్టలేదు, లైను మీద అంత డేటా లాగలేమని. ఆ మూడు రోజులూ బ్యాకప్ లేదు. జాబ్ ఫెయిల్ అవ్వలేదు, పసుపు రంగులో "కంప్లీటెడ్ విత్ వార్నింగ్స్" అని చూపించింది, పసుపుని మనం పట్టించుకోం కదా. ఇప్పుడు నడి ఆప్షన్: పాసివ్ లేకపోతే యాక్టివ్.

సర్వర్ పేరు పట్టి పాలసీ రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు. "రెండో నోడ్ పాసివ్, కాబట్టి రెండో నోడ్ని బ్యాకప్ చెయ్యి" అని. పాసివ్ అనేది సర్వర్ జాతకం కాదు, ఆ క్షణాన ఆ డేటాబేస్ ఉన్న స్థితి. ప్యాచింగ్ రోజు అటూ ఇటూ మారుస్తాం, తిరిగి మార్చడం మర్చిపోతాం, అప్పట్నించి మీ పాలసీ యాక్టివ్ మీద నడుస్తుంటుంది. అందుకని డీఏజీ పేరు మీద పాలసీ పెట్టండి, ఏ కాపీ అన్నది దాన్నే తేల్చుకోనివ్వండి. ఇంకోటి, విండోస్‌తో ఉచితంగా వచ్చే సర్వర్ బ్యాకప్ ఉంది చూశారూ, ఎక్స్ఛేంజ్ విషయంలో అది యాక్టివ్ కాపీలున్న వాల్యూములనే తియ్యగలదు. చిన్న ఆఫీసు, ఒక్క సర్వర్ అయితే సరిపోతుంది. క్లస్టర్‌కి అది పెట్టుకుని పాసివ్ నించి తీస్తున్నాం అనుకోకండి.

టైమింగ్ గురించి. "రాత్రి పదకొండుకి పెట్టెయ్, ఎవరూ ఉండరు" అనేది మామూలు ఆఫీసుల లెక్క. షిప్పులకి రాత్రీ పగలూ లేదు. రాత్రి పదకొండు దాకా యూరప్ మెయిల్స్ వస్తుంటాయి, పొద్దున్న ఐదున్నరకి సింగపూర్‌లో ఎనిమిదవుతుంది, వాళ్ళు మొదలెడతారు. మధ్యలో మాకు దొరికేది ఒంటిగంట నించి నాలుగున్నర. ఆ మూడున్నర గంటల్లో నాలుగు డేటాబేసులకీ రోజూ ఫుల్ తీయలేం, అందుకే శనివారం అర్ధరాత్రి దాటాక ఫుల్, మిగతా రోజులు ఇంక్రిమెంటల్. ఎక్స్ఛేంజ్‌కి ఇంక్రిమెంటల్ అంటే ఆ రోజు లాగ్స్ తీసుకుని, తీసుకున్నవాటిని పోనివ్వడం. డిఫరెన్షియల్ అయితే లాగ్స్ పోవు, మళ్ళీ ఫుల్ అయ్యేదాకా ఉంటాయి. ఇదేదో చిన్న తేడా అనుకుని డిఫరెన్షియల్ పెట్టుకుని, వారం మధ్యలో డిస్కు నిండుతోందేంటని నన్నడిగినవాళ్ళు ఇద్దరున్నారు.

ఒకే డేటాబేసుని ఒకేసారి రెండు జాబ్‌లు తియ్యలేవు. మొదటిది వేలాడిపోతే రెండోది ఫెయిల్ అవుతుంది. అలాంటప్పుడు వీఎస్‌ఎస్ (విండోస్‌లో స్నాప్‌షాట్, అంటే ఆ క్షణపు నకలు, తీసే ఏర్పాటు) రైటర్ల లిస్టు తీసి చూస్తే ఎక్స్ఛేంజ్ రైటర్ "ఫెయిల్డ్" అని ఉంటుంది. ఎక్స్ఛేంజ్ 2010 అలవాటు కొద్దీ కొందరు మెయిల్‌బాక్సులు నడిపే ఇన్ఫర్మేషన్ స్టోర్ సర్వీసు రీస్టార్ట్ చేసేస్తారు, అంటే అందరి మెయిలూ ఆపేస్తారు. ఎక్స్ఛేంజ్ 2013 నించీ ఆ రైటర్ రెప్లికేషన్ సర్వీసులో ఉంది, అది రీస్టార్ట్ చేస్తే చాలు, యూజర్లకి తెలియను కూడా తెలియదు. అసలు ఎందుకు ఫెయిల్ అవుతుందంటే ఎక్కువసార్లు డిస్కు స్లో. స్నాప్‌షాట్ తీసే క్షణంలో ఎక్స్ఛేంజ్ రాతలు ఆపి ఊపిరి బిగబట్టుకుంటుంది, 20 సెకన్లు దాటితే వల్ల కాదని వదిలేస్తుంది. ఒకే స్టోరేజ్ మీద ఫైల్ సర్వర్, టాలీ, మెయిల్ మూడింటి బ్యాకప్పులూ ఒంటిగంటకే పెట్టినవాడికి ఈ 20 సెకన్లు చాలవు. ఆ పెట్టినవాణ్ణి నేనే. ఇప్పుడు మెయిల్ ఒంటిగంటకి, మిగతావి మెయిల్ అయ్యాక.

వర్చువల్ మెషీన్ స్థాయిలో బ్యాకప్ తీసేవాళ్ళకి ఇంకో వింత కనిపిస్తుంది. స్నాప్‌షాట్ తుడిచేటప్పుడు మెషీన్ కొన్ని సెకన్లు బిగుసుకుపోతుంది. ఆ కాసేపు పక్క నోడ్‌కి దీని గుండెచప్పుడు వినిపించదు, పోయింది పాపం అనుకుని డేటాబేసులు తన మీదకి లాగేసుకుంటుంది. మాకు కొన్నాళ్ళు రోజూ రాత్రి ఒంటిగంటన్నరకి ఫెయిలోవర్ జరిగేది, బ్యాకప్ వల్లేనని నెల దాకా కనిపెట్టలేదు. విండోస్ 2012 ఆర్2లో డిఫాల్టుగా సెకనుకొక చప్పుడు, ఐదు వినపడకపోతే మనిషి పోయినట్టే. విండోస్ 2016లో దాన్ని పది చేశారు. మేం 2012 ఆర్2 మీద ఉన్నాం, ఇరవై చేసుకున్నాం. నిజంగా సర్వర్ పోయినప్పుడు ఇంకో పదిహేను సెకన్లు ఆలస్యంగా తెలుస్తుంది, ఫరవాలేదు.

ఈ వీఎం బ్యాకప్ దగ్గరే నన్ను బాగా విసిగించిన గొడవ ఇంకోటి ఉంది. ఇన్‌ఫ్రా చూసే బయటి టీమ్ వాళ్ళు తమ వంతుగా మెషీన్లన్నిటికీ వారానికోసారి ఇమేజ్ బ్యాకప్ పెట్టారు, "అప్లికేషన్ అవేర్" అనే టిక్కు వేసి. మంచి ఉద్దేశమే. ఆ టిక్కు వల్ల వాళ్ళ బ్యాకప్ కూడా ఎక్స్ఛేంజ్ దృష్టిలో ఫుల్ బ్యాకప్ అయింది, లాగ్స్ పోయాయి. మధ్యలో ఆ లాగ్స్ లేక నా ఇంక్రిమెంటల్ గొలుసు తెగింది, మర్నాడు నా జాబ్ "ముందు ఫుల్ తీసుకో" అంది. మూడు వారాలు ఒకరి మీద ఒకరం మెయిల్స్ రాసుకున్నాం. పరిష్కారం వాళ్ళ వైపు ఒక రేడియో బటన్, "కాపీ ఓన్లీ": కాపీ తీస్తుంది, లాగ్స్ ముట్టుకోదు. ఇద్దరు బ్యాకప్ తీసినా సరే, లాగ్స్ కోసే హక్కు మాత్రం ఒక్కరికే ఉండాలి, ఆ ఒక్కరెవరో కాగితం మీద ఉండాలి.

సర్క్యులర్ లాగింగ్ ఆన్ చేసేస్తే ఈ తలనొప్పులేవీ ఉండవు కదా అని ఒక మిత్రుడు అంటాడు. ఉండవు. లాగ్స్ తమంతట తామే పోతాయి, ఇంక్రిమెంటల్ కూడా పోతుంది, నిన్న మధ్యాహ్నం మూడింటి స్థితికి తీసుకురమ్మంటే చేతులెత్తెయ్యాలి. కాపీలు నాలుగుండి, అందులో ఒకటి ల్యాగ్డ్ అయినవాళ్ళకి అది నప్పుతుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ళు బ్యాకప్ లేకుండా నడుపుకోమని చెప్పే పద్ధతి కూడా ఇంచుమించు అలాంటిదే. మా మూడు కాపీల సంసారానికి కాదు.

ల్యాగ్డ్ కాపీ అంటే కావాలని వెనకబెట్టిన కాపీ (లాగ్, ల్యాగ్ తెలుగులో రాస్తే ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి, మావాడు టికెట్లో ఒకదాని బదులు ఇంకోటి రాసి గంట తిప్పాడు నన్ను). లాగ్స్ వచ్చి చేరతాయి గానీ ఆవర్జాలోకి ఎక్కించడం ఆలస్యం చేస్తుంది, 14 రోజుల దాకా ఆపొచ్చు. మేం హైదరాబాద్ కాపీకి 7 రోజులు పెట్టాం. అక్కడ మాత్రం వారం లాగ్స్ పట్టే జాగా కావాలి, మాకైతే 120 జీబీ. ఇది ఉంది కదాని నిశ్చింతగా ఉండకండి, అక్కడ డిస్కు జాగా తగ్గితేనో, ఆరోగ్యంగా ఉన్న కాపీల సంఖ్య పడిపోతేనో ఎక్స్ఛేంజ్ తనంతట తనే ఆ ఆలస్యాన్ని పక్కనబెట్టి లాగ్స్ ఎక్కించేసుకుంటుంది. అవసరమైన రోజున చూస్తే ఏడు రోజుల వెనకటి కాపీ కాస్తా నిన్నటిదై ఉండొచ్చు.

బ్యాకప్ ఎక్కడ దాచాలి అన్నదానికి వైజాగ్‌వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. అప్పుడు నేను వేరే ఆఫీసులో ఉన్నాను, సముద్రం వైపు మూడో అంతస్తు. సర్వర్ ర్యాక్, దాని పక్కన టేబుల్ మీద బ్యాకప్ యూఎస్‌బీ డిస్కులు, రెండింటికీ మధ్య దూరం మూడడుగులు. మధ్యాహ్నానికి కిటికీ అద్దాలు ఫ్రేములతో సహా లోపలికొచ్చాయి. రెండు రోజుల తర్వాత పడిపోయిన చెట్ల మీంచి నడుచుకుంటూ వెళ్ళి చూస్తే ర్యాక్ లోంచి నీళ్ళు కారుతున్నాయి, డిస్కులు ఒక అట్టపెట్టెలో తడిసిన అప్పడాల్లా ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, జనరేటర్‌కి డీజిల్ కోసం క్యూ. ఆ రోజు నించి డేటా మూడు చోట్ల ఉండాలి, ఒకటి ఊరి బయట ఉండాలి అన్నది నాకు పట్టుదల. ఇప్పుడు మాది ఇలా ఉంటుంది: ఆఫీసులో బ్యాకప్ సర్వర్ మీద నాలుగు వారాలు, నెలకో ఫుల్ హైదరాబాద్‌లో స్టోరేజ్ మీద, అది ఏడాది పాటు, ఎవరూ తుడవలేని లాక్‌తో. బ్యాకప్ సర్వర్ డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒకే అడ్మిన్ కింద ఉండే ఏర్పాటులో) లేదు. డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కితే బ్యాకప్ కూడా చిక్కకూడదని. దీనికోసం ఒక పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఎండీగారి బీరువాలో పెట్టాం, ఆయన అది షేర్ సర్టిఫికెట్ల కింద పెట్టుకున్నారు.

పాలసీలో అన్నిటికంటే ఎక్కువ పని తగ్గించిన మార్పు బ్యాకప్‌కి సంబంధించిందే కాదు. తుడిచేసిన మెయిల్స్‌ని ఎక్స్ఛేంజ్ డిఫాల్టుగా 14 రోజులు దాచిపెడుతుంది, మేం 30 చేశాం, సింగిల్ ఐటమ్ రికవరీ (యూజర్ పూర్తిగా తుడిచేసినా ఆ గడువు దాకా ఉంచే సెట్టింగు) ఆన్ చేశాం. "మెయిల్ పోయింది బాబూ" అని వచ్చేవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి బ్యాకప్ తియ్యక్కర్లేకుండా అక్కణ్ణించే దొరుకుతోంది. డేటాబేస్ ఒక పది శాతం లావయ్యింది, అవ్వనీ.

మిగిలిన ఆ పదో మనిషి కోసం రీస్టోర్ టెస్టు. ఆ శనివారం తర్వాత నెలకోసారి చెయ్యాలని రాసుకున్నాం, మూడో శనివారం. మొదటిసారి టెస్టుకి ఉత్తుత్తి మెయిల్ ఎందుకు, నిజంగా పోయినదే వెతుకుదాం అని అకౌంట్స్ మేడమ్‌ని అడిగాను. నాలుగు నెలల కిందటి డెబిట్ నోట్ ఒకటి కనపడట్లేదన్నారు, పార్టీతో పేచీ కూడా నడుస్తోందట. సరే అని హైదరాబాద్ నించి ఆ నెల ఫుల్ తెప్పించాం, ఒక్క డేటాబేసే 380 జీబీ. లైను మీద తెస్తే పదిహేడు గంటలు లైను మొత్తం దీనికే పోతుందని తెలిసి డిస్కు మీద కొరియర్లో రప్పించాం, ఈ సంగతి కూడా పాలసీలో రాయాల్సిందే అని అప్పుడు తట్టింది. రికవరీ డేటాబేస్‌కి (బ్యాకప్‌ని విడిగా తెరిచి చూసుకునే డేటాబేస్) పెట్టడానికి జాగా చూస్తే 300 జీబీ ఉంది. మళ్ళీ డిస్కు పెంచడం. కాపీ అయ్యాక ఈఎస్‌ఈ యుటిల్ అనే ఎక్స్ఛేంజ్ డేటాబేస్ టూల్‌తో హెడర్ చూస్తే "డర్టీ షట్‌డౌన్". మావాడి ముఖం మాడిపోయింది. నడుస్తున్న డేటాబేస్ నించి తీసిన స్నాప్‌షాట్ అలానే ఉంటుందిరా, దాంతోపాటు వచ్చిన లాగ్స్ ఎక్కిస్తే శుభ్రమవుతుంది అని చెప్పి రికవరీ కొట్టాను. అది గీతలు గీసుకుంటూ పోతుంటే ఇద్దరం కింద బండి దగ్గర ముంతమసాలా తిని వచ్చాం. "క్లీన్ షట్‌డౌన్" వచ్చింది. మౌంట్ అయ్యింది. మేడమ్ మెయిల్‌బాక్సులోకి "రీస్టోర్" అనే ఫోల్డర్ పెట్టి ఆ నెల మెయిల్స్ అందులో పోయించాం. పొద్దున్న తొమ్మిదికి మొదలెడితే సాయంత్రం నాలుగున్నరకి డెబిట్ నోట్ దొరికింది.

పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "అదా బాబూ, మొన్న బుధవారమే పార్టీ వాళ్ళు మళ్ళీ పంపించేశారు. నీకు చెప్దామనే అనుకున్నాను" అన్నారు.